హోదాకు తగ్గ చక్కెర

ట్రే లోపలికి వెళ్ళేటప్పుడు మామూలు ట్రేయే. బయటికి వచ్చేసరికి ఒక కార్యాలయం తలరాత మారిపోయింది.

కాకినాడలో మైలురాళ్ళ సంచాలకుల కార్యాలయమని ఒకటుంది. రోడ్ల పక్కన రాళ్ళు ఎక్కడ పాతాలో, వాటి నెత్తిన పసుపు ఎంత మేర పుయ్యాలో తేల్చడం దాని పని. ఆ రోజు సమీక్షా సమావేశం. తెర మీద రాళ్ళ బొమ్మలు చూపించడానికి కిటికీలకు పరదాలు దింపారు. అటెండరు మంగ రకరకాల గ్లాసులున్న ట్రేతో లోపల అడుగుపెట్టిందో లేదో కరెంటు పోయింది. చీకట్లో చేతికందిన గ్లాసు చేతికందిన మనిషి ముందు పెట్టుకుంటూ పోయింది. కరెంటు వచ్చింది. సంచాలకులు బృహస్పతిరావుగారి ముందు స్టీలు గ్లాసులో టీ ఉంది. గోడకు ఆనుకుని నిలబడ్డ కొత్త గుమాస్తా చేతిలో స్ట్రా వేసిన కూల్‌డ్రింకు ఉంది. పాపం, అతను అప్పటికే ఒక గుక్క పీల్చేశాడు.

బృహస్పతిరావు అరిచే మనిషి కాదు. కోపమొస్తే కమిటీ వేస్తాడు. ఆ సాయంత్రానికే కమిటీ కూర్చుంది. ఎవరు ఏం తాగాలో తేల్చకపోవడం వల్లనే ఈ అనర్థం జరిగిందని తీర్మానించింది. ఉత్తర్వు రాసే పని సూపరింటెండెంటు పరాంకుశానికి అప్పగించింది.

పరాంకుశం కలం పడితే ఆ కార్యాలయంలో తిరుగులేదు. సర్వీసంతా రాతకోతల్లోనే గడిచింది. ‘తగు చర్య నిమిత్తం’ అన్న మాటను ఏ వాక్యంలో ఎక్కడ పెడితే ఎవరూ ఏ చర్యా తీసుకోనక్కర్లేదో ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఆయన రాసిన పానీయార్హతల ఉత్తర్వు ఇలా తేలింది. చక్కెర హోదాకు చిహ్నము. కావున సంచాలకులకు డబ్బా పండ్లరసం, మధ్యాహ్నం బాదంపాలు. ఉప సంచాలకులకు కూల్‌డ్రింకు. సూపరింటెండెంట్లకు చక్కెర వేసిన టీ. గుమాస్తాలకు చక్కెర లేని టీ. అటెండర్లకు ఉప్పు మజ్జిగ.

ఏ ఉత్తర్వుకైనా చివర ఒక బరువైన వాక్యం ఉండాలన్నది పరాంకుశం సిద్ధాంతం. అందుకని ఎవరూ అడక్కుండానే ఇంకొకటి చేర్చాడు. ‘ఎవరికి నిర్దేశించిన పానీయమును వారు పూర్తిగా సేవించవలెను. మిగుల్చుట హోదాను నిరాకరించుటగా పరిగణింపబడును.’

బృహస్పతిరావు ఆ వాక్యం రెండుసార్లు చదివి తలాడించాడు. ఎవరెంత తాగుతున్నారో చూసే బాధ్యత ఉప సంచాలకుల మీద పెట్టాడు.

ఇక్కడ ఒక ఇంటిగుట్టు చెప్పాలి. ఉత్తర్వు రాసిన పరాంకుశం దాన్ని ఒక్క రోజు కూడా పాటించలేదు. వాళ్ళ నాన్నకు షుగరుంది. అన్నకు షుగరుంది. అన్నకు ఎడమ కాలి వేళ్ళు మూడు తీసేశారు. పరాంకుశానికి కూడా ఆ మధ్య పరీక్ష చేస్తే షుగరు గీతను ఆనుకుని నిలబడ్డట్టు తేలింది. డాక్టర్ షహనాజ్ గట్టిగా చెప్పింది. తాగేవాటిలో తీపి మానెయ్యండి, నడవండి, గీత అవతలికి వెళ్ళకండి అని. ఆయన మానేశాడు. కొత్త ఉత్తర్వు వచ్చాక కూడా, మంగతో మాట్లాడుకుని, పింగాణీ కప్పులో మజ్జిగ పోయించుకుని, పైన సాసరు మూతపెట్టి తెప్పించుకునేవాడు. ఊదుకుంటూ తాగేవాడు. చూసేవాళ్ళు వేడి టీ అనుకునేవారు.

అలా ఏడాది నడిచింది. అప్పుడు ఆరోగ్య శిబిరం వచ్చిపడింది.

వచ్చిన డాక్టర్లు అందరి రక్తం తీశారు. ఫలితాలు మెట్ల వరసలా వచ్చాయి. అటెండర్లు శుభ్రంగా ఉన్నారు. గుమాస్తాలు ఫర్వాలేదు. సూపరింటెండెంట్ల దగ్గర మొదలైన ఎక్కుడు సంచాలకుల గదిలోకి వెళ్ళి ఆగింది. తీపి పానీయాలు తగ్గించండి, దాహమేస్తే మంచినీళ్ళు తాగండి అని డాక్టర్లు రెండు ముక్కలు రాసి వెళ్ళిపోయారు.

రెండు ముక్కల్లో చెప్పింది ఆ కార్యాలయంలో ఎవరికీ అర్థం కాదు. దాన్ని అర్థం చేసుకోవడానికి మళ్ళీ కమిటీ కూర్చుంది. ఈసారి బృహస్పతిరావుగారే విశ్లేషించారు.

“అటెండరు మంగకి తొంభై. ఎందుచేత? ఆవిడకి ఏ బాధ్యతా లేదు గనక. నాకు రెండు వందల ఎనభై. ఎందుచేత? ఈ ప్రాంతంలో ఉన్న ప్రతి మైలురాయీ నా గుండెల మీద ఉంది గనక. ఇది జబ్బు కాదండీ. ఇది బాధ్యత.”

సభ్యులు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఇంత తేలిగ్గా ఉన్న సంగతి ఇన్నాళ్ళూ వైద్యశాస్త్రానికి ఎందుకు తట్టలేదా అని ఒకాయన ఆశ్చర్యపోయాడు. బాధ్యత పెరిగిన కొద్దీ చక్కెర పెరుగుతుంది, కాబట్టి చక్కెరను కొలిస్తే బాధ్యతను కొలిచినట్టే అని నివేదిక సిద్ధమైంది. ఇకపై పదోన్నతులకు రహస్య నివేదికలూ సిఫార్సులూ అక్కర్లేదు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష ఒక్కటి చాలు. పక్షపాతానికి తావుండదు.

ఆ మెట్ల వరసలో ఒక్క మెట్టు మాత్రం విరిగి ఉంది. సూపరింటెండెంటు పరాంకుశం, తొంభై ఆరు.

మర్నాడే ఆయనకు మెమో వచ్చింది. ‘మీ హోదాకు తగిన బాధ్యతను మీ రక్తము ప్రతిబింబించుట లేదు. ఇట్టి అలసత్వమునకు కారణమేమో తెలియజేయవలెను.’ పరాంకుశం ఆ వాక్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. తర్వాత అది తనకే వచ్చిందని గుర్తొచ్చింది.

సరిగ్గా ఆ వారమే ఉప సంచాలకుల పోస్టు ఖాళీ అయింది. ఆ కుర్చీలో ఉన్నాయన దీర్ఘకాల సెలవు మీద వెళ్ళి తిరిగి రానని రాసేశాడు. ఎంపిక మూడు నెలల తర్వాత. ఇద్దరే పోటీలో ఉన్నారు. సీనియారిటీలో పరాంకుశం ముందు. ఆయన వెనక మరో సూపరింటెండెంటు దొరబాబు. రక్తంలో కమిటీ పెట్టిన కనీస చక్కెర ఉంటే పోస్టు సీనియరుది. లేకపోతే వెనకవాడిది.

పరాంకుశానికి ఆ పోస్టు జీతం కోసం అక్కర్లేదు. ఉద్యోగంలో చేరినప్పటినుంచి హాల్లో, మనుషులు వచ్చే దారిలో ఆయన బల్ల. బొమ్మల కొలువులో బొమ్మలా అందరికీ కనిపిస్తూ కూర్చున్నాడు. ఉప సంచాలకులకు గది ఉంటుంది. ఆ గదికి తలుపుంటుంది. రిటైరయ్యేలోపు ఒక్కసారి తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా కుర్చీలో వెనక్కి వాలాలని ఆయన కోరిక. ఇంత చిన్న కోరిక ఎవరికి చెప్పుకుంటాడు? అందుకే అది పెద్దదైపోయింది.

దొరబాబు సాధన మొదలెట్టేశాడు. పొద్దున్నే చెరకురసం, ఆఫీసుకొచ్చాక గోలీసోడా, భోజనమయ్యాక రోజ్‌మిల్కు. మధ్యమధ్య దాహమేస్తే మళ్ళీ చెరకురసం. సూపరింటెండెంటు టీలో చక్కెర ఎంత వేయాలో ఉత్తర్వులో లేదని కనిపెట్టి, చెంచా నిలబడేంత వేయించుకునేవాడు. ఒకరోజు పరాంకుశం బల్ల దగ్గర ఆగి జాలిగా చూశాడు.

“గురువుగారూ, తొంభై ఆరంటగా. అయ్యి పరీక్షలో మార్కులైతే ఈపాటికి సన్మానం చేసేద్దుమండి.”

హాలంతా నవ్వింది. పరాంకుశం కూడా నవ్వాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ బజార్లో చెరకురసం బండి దగ్గర ఆగాడు.

మొదటి గ్లాసు తాగడానికి భయపడ్డాడు. రెండోది తాగుతూ ఒక్క మూడు నెలలే కదా అనుకున్నాడు. మూడో గ్లాసు నాటికి భయమూ లెక్కా రెండూ పోయాయి. గీతకు కాస్త అవతలికి వెళ్ళి, పోస్టు చేతిలో పడగానే వెనక్కి వచ్చెయ్యడం ఆయన ఆలోచన. ఫైళ్ళు అలాగే చేసేవాడు. పంపించి, అవసరమైతే వెనక్కి తెప్పించుకునేవాడు. ఒంటిని కూడా అలా తెప్పించుకోవచ్చని అనుకున్నాడు.

వారాలు గడిచాయి. భోజనం కాగానే తల బల్ల మీదకు వాలిపోయేది. ఎన్ని నీళ్ళు తాగినా నాలుక పిడచకట్టేది. ‘తగు చర్య నిమిత్తం’ అని రాయబోయి మధ్యలో నిద్రపోయేవాడు. తోటి సూపరింటెండెంట్లు అభినందించారు. మీలో ఇప్పుడు బాధ్యత కనిపిస్తోందన్నారు.

భార్యలకు మొగుళ్ళ జేబుల్లో దొరక్కూడనివి చాలా దొరుకుతాయి. అలివేలుకు స్ట్రా దొరికింది. ఆకుపచ్చ గీతలున్న స్ట్రా. ఆవిడ దాన్ని వాసన చూసింది. మర్నాడు బజారుకెళ్ళి, కూరగాయల సంచీ అడ్డం పెట్టుకుని, చెరకురసం బండికి ఎదురుగా చెప్పుల కొట్లో నిలబడింది. ఆయన వచ్చాడు. గ్లాసు ఎత్తాడు. దించేసరికి ఎదురుగా అలివేలు ఉంది. అక్కడినుంచి ఇద్దరూ ఆటో ఎక్కి తిన్నగా డాక్టర్ షహనాజ్ దగ్గరకు వెళ్ళారు.

డాక్టర్ షహనాజ్ పరీక్ష కాగితం చూసి కళ్ళజోడు తీసింది. గీత దాటారని చెప్పింది. పళ్ళరసం, చెరకురసం ప్రకృతి సిద్ధమైనవే కదా అని ఆయన నసిగాడు. పండు కొరుక్కుని తినడం వేరు, రసం తీసి తాగడం వేరని ఆవిడ విడమరిచింది. నాలుగు బత్తాయిలు ఒలుచుకు తినమంటే రెండో దానికే చాలంటారు, అదే పిండి ఇస్తే నాలుగింటి తీపీ నాలుగు గుక్కల్లో దిగిపోతుంది, పీచు చెత్తబుట్టలోకి పోతుంది. ఇంక కూల్‌డ్రింకు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క గ్లాసు ఎవర్నీ పడెయ్యదు. రోజూ తాగే గ్లాసులే, అందులోనూ మీ ఇంట్లో ఉన్నట్టు వంశంలో ఉన్నవాళ్ళని, మెల్లగా అటువైపు నెట్టేస్తాయి. అంతా చెప్పి, అసలు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టారని అడిగింది.

“ప్రమోషన్ కోసమండి,” అన్నాడు పరాంకుశం.

“ఏ పోస్టుకి?”

“ఉప సంచాలకులండి.”

“అందులో ఉన్నాయన ఏమయ్యారు?”

పరాంకుశం కాసేపు సీలింగు ఫ్యాను చూశాడు. “షుగరెక్కువై దిగిపోయారండి.”

డాక్టరమ్మ మందుల చీటీ ముందుకు లాక్కుంది. ఇప్పుడే మానేస్తే చాలావరకు వెనక్కి రావచ్చని, ఆలస్యమైతే చెప్పలేనని మాత్రం రాసుకుంటూ అంది. బయటికొచ్చాక అలివేలు నోరు విప్పింది.

“బావగారు చెప్పు తొడుక్కోడం ఎప్పుడన్నా చూశారా? గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, మనం చూడట్లేదనుకున్నాక తొడుక్కుంటారు. మీ గదికి తలుపుంటుందిగా, మీరు దాని వెనకాల తొడుక్కోవచ్చు లెండి.”

తలుపు సంగతి తను ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. అయినా తెలిసిపోయింది.

ఎంపిక రోజు వచ్చింది. దొరబాబు రక్తం చూసి బోర్డు సభ్యులు లేచి నిలబడ్డంత పని చేశారు. పరాంకుశం రక్తం కూడా కనీస బాధ్యత దాటింది. దాటింది గనక సీనియారిటీ పని చేస్తుంది. పోస్టు పరాంకుశానిదే. బృహస్పతిరావుగారు చిరునవ్వుతో అభినందించి, పదవీ స్వీకార సూచకంగా ఉప సంచాలకుల పానీయాన్ని బోర్డు ఎదుట సేవించాలని చెప్పారు. మంగ కూల్‌డ్రింకు తెచ్చి బల్ల మీద పెట్టింది. గ్లాసు బయట చెమట పట్టి ఉంది. లోపల బుడగలు పైకి పరుగెడుతున్నాయి.

పరాంకుశం గ్లాసు వైపు చూశాడు. గోడకు అవతల ఆ గది ఉంది. ఆ తలుపుకు అప్పుడే కొత్త రంగు కూడా వేశారు. ఆయన చెయ్యి గ్లాసు దాకా వెళ్ళింది. చల్లటి గ్లాసును తాకింది. తర్వాత దాన్ని బల్ల మీద మెల్లగా అవతలికి జరిపింది.

“నాకు మజ్జిగ ఇప్పించండి,” అన్నాడు.

ఒక బోర్డు సభ్యుడు ఉత్తర్వు ప్రతి కోసం ఫైలు తిరగేశాడు.

“మజ్జిగ అటెండర్ల పానీయం, పరాంకుశంగారూ,” అన్నారు బృహస్పతిరావు. “ఆ ఉత్తర్వు మీరే రాశారు.”

“అవునండి. అయితే నన్ను అటెండరుగానే రాసుకోండి.”

రాసుకున్నారు. ఉద్యోగి తనంతట తాను బాధ్యతను విసర్జించినందున, పానీయమునకు తగిన హోదాలోనికి దింపడమైనదని ఉత్తర్వు వచ్చింది. దొరబాబు ఉప సంచాలకుడయ్యాడు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పరాంకుశం సంచాలకుల గది బయట బల్ల మీద, మంగ పక్కన కూర్చున్నాడు.

మొదటి రెండు రోజులూ తలెత్తలేకపోయాడు. మూడో రోజు నుంచి అలివేలు స్టీలు క్యాన్‌లో మజ్జిగ పంపడం మొదలుపెట్టింది. అల్లం దంచి, పచ్చిమిర్చి చీరి, దబ్బాకు నలిపి వేసిన పల్చటి మజ్జిగ. మంగకు కూడా సరిపడా వచ్చేది. ఏ హోదా లేనివాడికి నిద్ర బాగా పడుతుందని ఆయన కనిపెట్టాడు. నాలుక మామూలుగా తడిసింది. సాయంత్రాలు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళేవాడు.

ఎండాకాలం ముదిరింది. ఒక మధ్యాహ్నం లోపల గంట మోగింది. మంగ భోజనానికి వెళ్ళడంతో పరాంకుశమే లేచాడు. చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉంది. లోపల బృహస్పతిరావు కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు. ఎదురుగా బాదంపాలు మీగడ కట్టి ఉన్నాయి. ఆయన పెదవులు ఎండి, పొట్టు లేచి ఉన్నాయి. గదిలోకి దబ్బాకు వాసన రాగానే ఆయన కళ్ళు తెరిచారు.

“అదేంటి?”

“మజ్జిగండి.”

బృహస్పతిరావు చాలాసేపు ఆ గ్లాసు వంక చూశారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఏ ఫైలునూ ఆయన అంత శ్రద్ధగా చూసి ఉండరు.

“తలుపు వేసి రండి,” అన్నారు చిన్న గొంతుతో.

పరాంకుశం తలుపు వేసి వచ్చి గ్లాసు అందించాడు. ఆయన రెండు చేతులతో పట్టుకుని గడగడా తాగేశారు. దబ్బాకు ముక్క పెదవికి అంటుకుంటే వేలితో నోట్లోకి తోసుకున్నారు. తనకు సూదిమందు మొదలుపెట్టారని, ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదని, పొద్దున్న లేచింది మొదలు దాహమేనని చెప్పారు. ఒక్క నిమిషం ఆయన సంచాలకుడిలా కాకుండా దాహమేసిన మనిషిలా ఉన్నారు. క్యాన్‌లో ఇంకా ఉందా అని అడిగారు. ఉంది. అదీ తాగారు. పరాంకుశానికి లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఇంక ఈయనకు అర్థమైందిలే అనుకున్నాడు.

అర్థమైంది. ఆయనకు అర్థమయ్యే పద్ధతిలో అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే సవరణ ఉత్తర్వు గోడెక్కింది. ‘చక్కెర లేకుండుట సంయమనమునకు పరాకాష్ఠ. అట్టి సంయమనము అత్యున్నత హోదాకు మాత్రమే శోభించును. కావున ఇకపై మజ్జిగ సంచాలకులవారికి మాత్రమే. ఇతరులు సేవించినచో హోదాను అతిక్రమించుటగా పరిగణింపబడును. తద్వారా మిగిలిన పండ్లరసమును, బాదంపాలను వృథా కానీయక అటెండర్లకు కేటాయించడమైనది.’ పదోన్నతుల రూలు, చక్కెర కొలిచే రూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

మంగ చదివించుకుని విని, బల్ల మీద కూలబడింది.

“జీతం ఎలాగూ అంతంతేనండి. రక్తమొక్కటే బాగుందనుకున్నాను. అదీ వదిలిపెట్టరాండి ఈళ్ళు?”

కాసేపటికి దొరబాబు వచ్చాడు. తాగేదాకా చూసే పని ఇప్పుడు అతనిది. వెనక ట్రేలో డబ్బా పండ్లరసం పోసిన గ్లాసులు. గదిలో తలుపు వేసుకుని అతను హాయిగా ఉన్నట్టు కనపడలేదు. కళ్ళ కింద ఉబ్బు, మాట్లాడేముందు నాలుకతో పెదవులు తడుపుకోవడం. చంకలో తన వాటా కూల్‌డ్రింకు సీసా ఉంది.

“తాగెయ్యండి గురువుగారూ. మిగల్చకూడదని మీరే రాశారు.”

పరాంకుశం గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. పసుపుపచ్చగా, చిక్కగా ఉంది. పోస్టు వదులుకున్నాడు, తలుపు వదులుకున్నాడు, వదులుకుని దక్కించుకున్న ఒక్కటీ ఇప్పుడు గ్లాసులో పోసి తీసుకుపోతామంటున్నారు. పక్కన మంగ చేతిలో కూడా గ్లాసుంది. ఆవిడ ఆయన వంకే చూస్తోంది. అలివేలు గుర్తొచ్చింది. మరుక్షణం వృత్తి గుర్తొచ్చింది. ఉత్తర్వుతో పోట్లాడితే ఓడిపోతాం. ఉత్తర్వుకు ఇంకో ఉత్తర్వు తగిలిస్తే అది దాని సంగతి చూసుకుంటుంది.

“తాగుతానండి,” అన్నాడు వినయంగా. “చిన్న సందేహం. సంచాలకులవారి మజ్జిగ ఎవరు రుచి చూస్తున్నారు?”

దొరబాబు తడబడ్డాడు. “రుచెందుకండి?”

“పొరపాటున ఎవరైనా అందులో చక్కెర వేశారనుకోండి. ఆయనకి ఇప్పుడున్న స్థితిలో ఏదైనా అయితే, పానీయాలకి బాధ్యులెవరండి?”

దొరబాబు మొహంలో ఉన్న కాస్త రక్తమూ దిగిపోయింది. పానీయాలకు బాధ్యుడు తనే. చక్కెర పరంగా చూసినా కార్యాలయంలో తనంత బాధ్యుడు లేడు. నోటు మీరే రాసివ్వండని పరాంకుశాన్ని బతిమాలాడు. పరాంకుశం గ్లాసు కింద పెట్టి కలం తీశాడు. చాలా రోజుల తర్వాత చెయ్యి కదిలింది.

‘సంచాలకులవారి ప్రాణరక్షణ దృష్ట్యా, మజ్జిగను లోపలికి పంపుటకు పూర్వము రుచి చూసి ధ్రువీకరించుట అత్యవసరము. ఒక్క నాలుకను నమ్ముట ప్రమాదకరము. కావున సిబ్బంది యావన్మందియు, పూటకు ఒక్కొక్క గ్లాసు చొప్పున, రుచి చూడవలెను. రుచి చూచుట సేవించుట కాదు గనుక హోదా అతిక్రమణ కిందకు రాదు. తీపి తగిలిన నాలుక చక్కెరను కనిపెట్టజాలదు. కావున రుచి చూచువారు విధి నిర్వహణ కాలమున ఎట్టి తీపి పానీయమును ముట్టరాదు. వారికి నిర్దేశించిన పానీయములు తగు చర్య నిమిత్తం నిలిపివేయడమైనది.’

బృహస్పతిరావు నోటు చదివి కదిలిపోయారు. మామూలు సంచాలకులకు రుచి చూసేవాళ్ళుండరు. మహారాజులకుంటారు. ఆ ఆలోచన రాగానే సంతకం పెట్టేశారు. ఎవరు రుచి చూడాలో, ఎప్పుడు చూడాలో చూసుకునే పని పరాంకుశానికే ఇచ్చారు.

క్యాంటీన్‌లో పెద్ద బాన పెట్టారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి హాల్లో వరస కట్టేవారు. గుమాస్తాలు, సూపరింటెండెంట్లు, మంగ, అందరూ ఒక్కో గ్లాసు గంభీరంగా తాగి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, చక్కెర లేదని ధ్రువీకరించేవారు. అందరూ ధ్రువీకరించాక ఆఖరి గ్లాసు లోపలికి వెళ్ళేది. డబ్బా రసాలు బీరువాలో తగు చర్య కోసం ఎదురుచూశాయి.

దొరబాబు ఒక్కడే వరసలో నిలబడలేదు. ఉప సంచాలకుడు అటెండర్ల వెనక నిలబడ్డం ఏమిటని గది దాటి రాలేదు. తలుపు వేసుకుని తన హోదా తను తాగాడు.

మూడు నెలలకు మళ్ళీ రక్తాలు తీశారు. మెట్లన్నీ పోయి నేల చదునుగా ఉంది. పరాంకుశం గీతకు ఇవతలికి వచ్చాడు. డాక్టర్ షహనాజ్ కాగితం చూసి, ఇంక ఏ పోస్టుకూ పోటీ చెయ్యొద్దని మాత్రం అంది. బృహస్పతిరావుగారి చక్కెర కూడా బాగా దిగింది. సంచాలకుల బాధ్యత తగ్గిందని రాసే ధైర్యం కమిటీలో ఎవరికీ లేదు. రెండు రోజులు తర్జనభర్జన పడి, కార్యాలయంలో అందరి బాధ్యతలూ సంపూర్ణంగా నెరవేరినవని తేల్చారు. ఒక్క ఉప సంచాలకులవి తప్ప.

రికార్డుల ప్రకారం బాధ్యత మిగిలి ఉన్నది ఒక్క దొరబాబుకే. కాబట్టి ఫైళ్ళన్నీ అతనికి పంపారు. బల్ల నిండాక కుర్చీల మీద, కుర్చీలు నిండాక నేల మీద పెట్టారు. ఎన్నాళ్ళనుంచో మూలపడ్డ రాళ్ళ తగాదాలన్నీ కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. చివరికి గది లోపలినుంచి తలుపు వెయ్యడానికి చోటు లేకపోయింది.

ఒక మధ్యాహ్నం రుచి చూసేవాళ్ళ వరస సగానికి వచ్చాక, ఫైళ్ళ సందుల్లోంచి దొరబాబు బయటికొచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అతను మంగ వెనక వచ్చి నిలబడ్డాడు. మంగ కాస్త ముందుకు జరిగి చోటిచ్చింది.

“తమరు పర్యవేక్షకులు కదండీ,” అన్నాడు పరాంకుశం.

“ఆయ్. ఈ బాధ్యత నా వల్ల కాదండి గురువుగారూ,” అన్నాడు దొరబాబు. “నా నాలుకని కూడా రాసుకోండి.”

ఉదయంనుంచి తీపి ఏమైనా తగిలిందా అని పరాంకుశం నియమం ప్రకారం అడిగాడు. లేదని దొరబాబు తలూపాడు. నీళ్ళే తాగానన్నాడు. పరాంకుశం బానలో గరిటె అడుగుదాకా ముంచి, దబ్బాకు పడేలా నిండుగా పోసి ఇచ్చాడు.

దొరబాబు నిలబడే తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కళ్ళు మూసుకున్నాడు. అందరికంటే చాలాసేపు మూసుకున్నాడు. చక్కెర ఉందా లేదా అని పరాంకుశం అడిగాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు మెడలు చాపి చూస్తున్నారు.

“ఇప్పుడే ధ్రువీకరించలేనండి,” అన్నాడు దొరబాబు, గ్లాసు ముందుకు చాపుతూ. “ఇంకో గ్లాసు చూడాల్సి ఉంది.”